సమస్య: "కోట్లు కలిగియుండి కూడ నొంటి"

మైలాపూరు నుంచి:
ఇది ఆటవెలది నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. డబ్బున్నవాడి ఒంటరితనం మీద ఎవరైనా రాస్తారు, అది వద్దు. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ కనిపెట్టిన ప్రధాన సంఖ్యను (ఒకటీ, తానూ తప్ప మరేదీ శేషం లేకుండా భాగించలేనిది) తలుచుకోండి. 13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చవేసి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. అందులో 4,10,24,320 అంకెలున్నాయి.

వేళచ్చేరి నుంచి:
ఒకటి, తాను తప్ప నొరులెవ్వరును రాక
భాగహారమెల్ల భంగపడగ
నాల్గు కోట్ల పైన నడచు నంకెల బారు
కోట్లు కలిగియుండి కూడ నొంటి!

మైలాపూరు:
అక్కయ్యా, "నడచు నంకెల బారు" దగ్గర ఆగిపోయాను. యతులన్నీ సరిపోయాయి. ఒక్కటే లోటు, మూడో పాదంలోనే "కోట్లు" వచ్చేసింది. దాంతో సమస్య పాదంలో మెరుపు తగ్గింది.

వేళచ్చేరి:
నిజమే. "ఎంత చదివి చూడ నెడతెగని వరుస" అంటే?

మైలాపూరు:
ఇప్పుడు "కోట్లు" చివర్లోనే మెరుస్తోంది. ఆ నడక పోయినందుకు మాత్రం బాధగా ఉంది.

అంబత్తూరు నుంచి (మొదటి ప్రయత్నం, కాస్త టెన్షన్‌గా ఉంది):
రెండు హెచ్చవేసి యొకటి తీసిన చాలు
చీలకుండ నిలుచు చెలిమి లేక
ఎన్ని యంకెలైన నెవ్వరు పంచరు
కోట్లు కలిగియుండి కూడ నొంటి!

మైలాపూరు:
తమ్ముడూ, ధార బాగుంది. మొదటి పాదంలో "రెం"కి "యొ"తో యతి కుదరదు. "యొకటి" తీసి "యొండు" పెట్టు. రెండు, ఒండు ప్రాసయతి అవుతుంది, గణమూ చెడదు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. పదకొండు రెండ్లు హెచ్చవేసి ఒకటి తీస్తే 2047. అది 23 × 89. అంటే చీలిపోయింది! 67 రెండ్లతో వచ్చేదాన్ని, ఇలాంటి సంఖ్యలకు పేరిచ్చిన ఫ్రెంచి పండితుడు మెర్సెన్ అంతటివాడే 1644లో ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1903లో అమెరికా గణితజ్ఞుడు కోల్ దాన్ని 19,37,07,721తో భాగించి చూపించాడు. కాబట్టి "చాలు" అనకూడదు. "తీసిన కొన్ని" అను. ఆ ఒక్క మాటతో పద్యం నిజమవుతుంది.

పెరంబూరు నుంచి:
ఎంత పెద్దదైన నింకొక్కటి గలదు
యూక్లిడన్న మాట యుర్వి నిలిచె
తోడు దొరుకు దాక దూరాన వెదుకుచు
కోట్లు కలిగియుండి కూడ నొంటి!

మైలాపూరు:
మాస్టారూ, ఈ వారం నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. మిగతావాళ్లు ఒంటరితనం దగ్గరే ఆగారు, మీరు తోడు కోసం వెదికించారు. "దూరాన" అన్న మాట లెక్కకూ నిలుస్తుంది. అంత పెద్ద సంఖ్యల దగ్గర ఒక ప్రధాన సంఖ్యకూ మరోదానికీ మధ్య ఎడం సగటున 9 కోట్ల 40 లక్షల పైమాటే. అయినా రెట్టింపుకు చేరేలోపే తోడు దొరికి తీరుతుంది. రష్యా గణితజ్ఞుడు చెబిషెవ్ నిరూపించిన ఈ సంగతికి 1919లో చాలా చిన్న నిరూపణ ఇచ్చినవాడు రామానుజన్, మన మదరాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా పనిచేసినవాడు. యూక్లిడ్‌కు పాదం ఇచ్చారు కదా, ఆయనకూ ఒక పద్యం ఇవ్వండి మాస్టారూ.