పొగబెట్టిన మాతే: పొగ ఆకు రుచిలో భాగమా, ఆకు లోపానికి ముసుగా?

ఆకుపసరు:
అరకిలో బార్బాకువా మాతే (కట్టెల సెగ మీద పాత పద్ధతిలో ఎండబెట్టే రకం) తెప్పించుకుని రెండు వారాలుగా రోజూ తాగుతున్నాను. మాతే సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. ఈశాన్య అర్జెంటీనాలోని మిసియోనెస్, కొర్రియెంతెస్ రాష్ట్రాల్లోనూ పరాగ్వే, దక్షిణ బ్రెజిల్ ప్రాంతాల్లోనూ పెరిగే ఒక చెట్టు ఆకు ఇది. ఎండబెట్టి, నలగ్గొట్టి, ఎండిన సొరబుర్రలో సగానికి పైగా నింపి, వేడినీళ్లు పోసుకుంటూ బొంబిల్లా అనే లోహపు గొట్టంతో పీలుస్తారు. కెఫీన్ ఉంటుంది కానీ ఇది టీ కాదు.

నా వాదన సూటిగా చెబుతాను. పొగ వాసన గొప్పదనం అన్నది అమ్మేవాళ్ల మాట. పొట్లం విప్పగానే కట్టెల పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉంది. ఆకు లేతదో ముదురుదో, కాడలు ఎన్ని కలిపారో నాలుకకు ఏమీ తెలియలేదు. నిలవ కూరలో ఇంగువ దట్టించినట్టు, పొగ పట్టిస్తే ఏ ఆకైనా ఒకేలా ఉంటుంది. పదికి నాలుగు మార్కులు వేస్తున్నాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి. ‘అలవాటైతే బాగుంటుంది’ అని మాత్రం అనకండి. అలవాటైతే ఆముదమూ బాగానే ఉంటుంది.

సొరబుర్ర:
ఆకుపసరు గారూ, ఉద్యోగరీత్యా నాలుగేళ్లు ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో ఉన్నాను. సాయంత్రం ఒడ్డున షికారుకు వచ్చేవాళ్లలో చంకలో ఫ్లాస్కు, చేతిలో బుర్ర లేనివాళ్లను వెతుక్కోవాలి అక్కడ. అంచేత నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

పొగ అనేది చివర్లో పెట్టే తాలింపు కాదు. కోసిన ఆకును 24 గంటల్లోగా మంట సెగలో కొన్ని సెకన్లు తిప్పుతారు. దీన్ని సపెకాడో అంటారు. ఆకులోని ఎంజైములు చచ్చి, ఆకు నల్లబడకుండా ఉండడానికి ఇది చేస్తారు. అంటే పాత పద్ధతిలో చేసిన ఏ మాతే అయినా మంటను చూసి వచ్చినదే. దారులు వేరయ్యేది ఆ తర్వాత, ఎండబెట్టే దగ్గర. పెద్ద మిల్లుల్లో కదిలే పట్టాల మీద వేడిగాలి తగిలి కొన్ని గంటల్లో ఎండిపోతుంది. బార్బాకువాలో అలా కాదు. మంట ఒకచోట, ఆకు ఒకచోట. మధ్యలో నేలలో తవ్విన సొరంగం. దాని గుండా వచ్చే వేడి, కర్రల తడికె మీద పరిచిన ఆకుకు నిదానంగా తగులుతుంది. రాత్రీపగలూ అక్కడే ఉండి, ఆకు అంటుకోకుండా తిరగేసే మనిషిని ఉరు అంటారు. మీరు ముసుగు అంటున్నది ఆ మనిషి కాపలా కాసిన సెగ.

మన ఊళ్లలో దాలిలో కాగిన పాలు ఎప్పుడైనా తాగారా? పిడకల సెగ మీద పొద్దుటి నుంచి కాగి, ఎర్రబడి, మందాన మీగడ కట్టిన పాలు. వాటికీ పొగ వాసనే ఉంటుంది. అవే పాలు గ్యాసు మీద అడుగంటినా మాడు వాసన వస్తుంది. మొదటివి అడిగి మరీ పోయించుకుంటాం, రెండోవి పారబోస్తాం.

అసలు ప్రశ్న ఇది: మీరు మార్కులు వేసింది ఎన్నో పోతకు, అంటే అదే ఆకు మీద ఎన్నోసారి నీళ్లు పోసినప్పటి రుచికి?

ఆకుపసరు:
మొదటి పోతకే. ఎందుకు?

సొరబుర్ర:
అర్జెంటీనాలో మొదటి పోతను ‘మాతే దెల్ సోన్సో’ అంటారు. వెర్రిబాగులవాడి మాతే అని అర్థం. ఆకు ధూళి, మొదటి చేదు, పైపైని పొగ అన్నీ అందులోనే దిగుతాయి. అందుకే నలుగురు కూర్చున్నప్పుడు పోసే మనిషే దాన్ని తాగేసి, రెండోది పక్కవాళ్లకు అందిస్తాడు. మిమ్మల్ని అన్నానని అనుకోకండి, నేనూ మొదటి ఏడాదంతా దానితోనే తీర్పులు చెప్పాను.

ఆకుపసరు:
అనుకోనులెండి. అయితే మీరు చెప్పాక ఈ పూట వరుసగా ఆరు పోతలు తాగి చూశాను. మూడో పోతకు పొగ సగం తగ్గింది, నాకూ కాస్త నచ్చింది. అయిదో పోతకు పొగ పోయింది. మిగిలింది ఎండుగడ్డి నానిన నీళ్లు. ముసుగు తీస్తే వెనక ముఖమే లేదు. ఇది నా వాదనకే బలం కదా!

లెక్కలమాస్టారు:
రుచి గురించి మీరిద్దరూ తేల్చుకోండి. నాది వేరే లెక్క. కట్టెల పొగ తగిలిన ఆకులో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే రసాయనాలు చేరతాయి. వాటిలో ఒకటైన బెంజోపైరీన్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మార్కెట్లో దొరికే మాతే రకాలను పరీక్షించి 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆకులోనూ, తీసిన కషాయంలోనూ కూడా ఇవి కనిపించాయి.

అయితే ఇక్కడ జనం రెండు సంగతులు కలిపేస్తుంటారు. అదే సంస్థ 1991లో వేడి మాతేను ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో పెట్టింది. 2016లో తిరిగి పరిశీలించి, 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే ఏ పానీయమైనా ఆ వర్గంలోకి వస్తుందని, అంత వేడిగా లేని మాతేను వర్గీకరించడానికి ఆధారాలు చాలవని చెప్పింది. అంటే వేడి ఒక సమస్య, పొగ మరో సమస్య. మొదటిదానికి థర్మామీటరు చాలు. నా ఫ్లాస్కులో నీళ్లు 76 ఉన్నప్పుడు, బుర్రలో పోసి ఒక నిమిషం ఆగితే 63కు దిగాయి. రెండోదానికి ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. రోజుకు లీటరు చొప్పున ఏళ్ల తరబడి తాగేవాళ్లు పొగ తక్కువది ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. మార్కుల్లో ఇది చేర్చకపోతే అది సగం మూల్యాంకనమే.

సొరబుర్ర:
మాస్టారూ, ఒప్పుకుంటాను. అందుకే నేనూ రోజూ తాగేది మామూలు రకం. బార్బాకువా ఆదివారం ఉదయానికి. కానీ ఆరోగ్యం మార్కు వేరు, రుచి మార్కు వేరు. ఆవకాయకు మార్కులు వేసేటప్పుడు రక్తపోటు లెక్క చూడం కదా.

లెక్కలమాస్టారు:
మా ఇంట్లో చూస్తారు.

చలివేంద్రం:
వేడినీళ్ల గొడవ మీది. పరాగ్వేలో ఇదే ఆకును ఐసు నీళ్లతో, చేతికందిన మూలికలు దంచి వేసుకుని తాగుతారు, తెరెరె అని. 2020లో యునెస్కో వారసత్వ జాబితాలోకీ ఎక్కింది. పొగ ఉన్న పరాగ్వే ఆకుతో ఒకసారి అలా చేసి చూడండి. చల్లనీళ్లలో చేదు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పొగ విడిగా, కాస్త తియ్యగా తెలుస్తుంది. వేడిలో రెండూ కలిసి ఒకేసారి మీద పడతాయి. ఆకుపసరు గారు పొగ అంటున్నదాంట్లో సగం చేదేమోనని నా అనుమానం.

సొరబుర్ర:
మంచి అనుమానం. దాన్ని పట్టుకునే నిన్న ఒక పని చేశాను. ఫలితం నాకే ఎదురు తిరిగింది, అయినా చెప్పాలి.

బుర్ర వాడలేదు. మాతే బుర్ర అంటే మరేమీ కాదు, మన సొరకాయ జాతిదే, ఎండి గట్టిపడిన డొల్ల. పాత ఆకు వాసనంతా పీల్చుకుని దాచుకుంటుంది. అందుకని మూడు గాజు గ్లాసులు, ఒక్కోదానిలో 10 గ్రాముల ఆకు, 75 డిగ్రీల నీళ్లు, అయిదు నిమిషాలయ్యాక వడకట్టడం. ఒకటి బార్బాకువా, ఒకటి మామూలు అర్జెంటీనా రకం, ఒకటి బ్రెజిల్ వాళ్ల షిమహావ్ ఆకు, పచ్చగా పిండిలా ఉండేది. మా ఆవిడ గ్లాసుల అడుగున కాగితం ముక్కలు అంటించి, వరుస మార్చి ఇచ్చింది.

షిమహావ్‌ను కళ్లు మూసుకుని పట్టుకున్నాను. అది నిల్వ వేయని ఆకు, పచ్చి గోరింటాకు నూరినప్పటి వాసన. మిగిలిన రెండింటిలో చెక్కపెట్టె తెరిచినట్టున్న గ్లాసును చూపించి ‘ఇదే పొగది’ అన్నాను. కాదు. అది మామూలు రకం. నేను పొగ అనుకున్నది ఆకు వయసు. అర్జెంటీనాలో ఆకును ఏడాది, ఒక్కోసారి రెండేళ్ల దాకా కూడా గోదాముల్లో నిల్వ ఉంచి అమ్ముతారు, చెక్క వాసన అక్కడ వస్తుంది. అసలు బార్బాకువా గ్లాసులో పొగ ముందు ముక్కుకు తగిలి పోయింది, గొంతులో గీరలేదు, వెనక కాలిన బెల్లం అంచు లాంటి తీపి ఉంది. గొంతులో గీరుకుని కూర్చునే పొగను కూడా ఇంతకు ముందు తాగాను. దానికి నేనూ నాలుగే వేస్తాను.

మా ఆవిడ మూడూ రుచి చూసి, కాఫీ పెట్టుకుంది.

ఆకుపసరు:
నిజాయతీగా చెప్పినందుకు మీకు రెండు మార్కులు. నా బుర్ర కొత్తది. లోపలి గుజ్జు వాసన పోవడానికి ఇదే ఆకు తడిపి రెండు రోజులు నింపి ఉంచాను. అంటే పొగను దానికి నేనే పట్టించి, ఆ తర్వాత పొగ ఎక్కువని తిట్టానన్నమాట.

సరే, గాజు గ్లాసులో మళ్లీ మొదలుపెట్టాను. రెండో పోత, మూడో పోత బాగున్నాయి. తీపి సంగతి నాకు తెలియలేదు కానీ గీరడం లేదు. ఆరు వేస్తాను, అంతకు మించి వేయను. అయిదో పోత మాత్రం ఇప్పటికీ గడ్డి నీళ్లే. దానికి బుర్ర కారణం కాదు కదా?

సొరబుర్ర:
కాదు. పొట్లం మీద ‘కోన్ పాలో’ అని ఉందేమో చూడండి.

ఆకుపసరు:
ఉంది. అడుగున, చిన్న అక్షరాల్లో.

సొరబుర్ర:
కాడలతో కలిపినదని అర్థం. అర్జెంటీనా ఆహార నియమావళి ప్రకారం నూటికి 35 దాకా కాడలు ఉండవచ్చు. కాడలు చేదు తగ్గిస్తాయి కానీ సారం తొందరగా అయిపోతుంది. ఈసారి ‘సిన్ పాలో’ తెప్పించండి, అందులో 10కి మించకూడదు. పొగ ఉన్నదే చూసి తీసుకోండి, అప్పుడు అయిదో పోత గురించి మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు:
63 డిగ్రీలు.