సీఆర్‌పీలో ఉన్న పొలం కొంటే ఆ డబ్బు మనకొస్తుందా?

పొలంపిచ్చోడు: కాన్సాస్‌లో పొలం బేరం చేస్తున్నాం. సగం సీఆర్‌పీలో ఉందట, అదే పంట వేయకుండా గడ్డి పెంచితే అమెరికా ప్రభుత్వం అద్దె కట్టే పథకం, అంతా మోకాలెత్తు గడ్డే. ప్రభుత్వం ఏటా ఇచ్చే అద్దె మాకొస్తుందా? మధ్యలో దున్ని గోధుమ వేసుకోవచ్చా?

విచిటావాసి: కాంట్రాక్టు మీ పేరున మార్పించుకుంటే వస్తుంది, అక్టోబర్ 1 తర్వాత ఏడాదికోసారి పడుతుంది. మార్పించుకున్నాక మధ్యలో దున్నుతానంటే మాత్రం ఇప్పటిదాకా ఇచ్చిందంతా, పాత ఓనరు తిన్నదాంతో సహా, వడ్డీతో మీ దగ్గరే కక్కిస్తారు, పైన జరిమానా.

పొలంపిచ్చోడు: వామ్మో! పాతాయన తిన్నది కూడానా అన్నా?

గడ్డిరైతు: అంతే తమ్ముడూ. ఇవి 10–15 ఏళ్ల కాంట్రాక్టులు, ఎన్నేళ్లు మిగిలిందో కౌంటీ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో (ఈ పథకం చూసే వ్యవసాయ శాఖ ఆఫీసు) కనుక్కో. ఊరికే వచ్చే డబ్బూ కాదు, గడ్డిలో సీడర్ చెట్ల మొక్కలు లేస్తే నువ్వే కొట్టించాలి, అదీ పక్షులు గూళ్లు పెట్టే సీజన్లో కాకుండా.