దస్సాయ్ పదివేల కోట్ల యెన్ల గురి: న్యూయార్క్‌లో చేసిన సాకేకీ అదే పేరా?

టోక్యో తెలుగోడు:
జపాన్‌లో యమగుచి ప్రాంతంలో ఇవకుని కొండల మధ్య 'దస్సాయ్' అనే సాకే (బియ్యంతో చేసే జపాన్ మద్యం) తయారుచేసే అసాహి షుజో కథ తెలుసుగా? (అసాహి బీరు వాళ్లతో సంబంధం లేదు. ఈ గొడవ పడలేకేనేమో, ఈమధ్య కంపెనీ పేరే దస్సాయ్‌గా మార్చుకున్నారు.) 1984లో హిరోషి సకురాయ్ చేతికొచ్చేనాటికి ఏడాది అమ్మకాలు పది కోట్ల యెన్లు కూడా లేవు. 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదికి సుమారు 1,740 కోట్లు. ఇప్పుడు గురి ఏకంగా 10,000 కోట్లు! అందుకే 2023లో న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్‌లో బ్రూవరీ తెరిచి, అక్కడే చేసిన సాకేని 'దస్సాయ్ బ్లూ' పేరుతో దించారు. నాకైతే దురాశ అనిపిస్తోంది. నీళ్లు మారాయి, మనుషులు మారారు, సీసా మీద మాత్రం పాత పేరే.

మొలగొలుకులు:
మనుషులు మారడం వీళ్లకి కొత్తేం కాదండీ. బీరు రెస్టారెంటు పెట్టి చేతులు కాల్చుకున్నాక, 1999లో తోజి, అంటే సాకే తయారీ పెద్ద మేస్త్రి, తన జట్టుతో సహా వెళ్లిపోయాడు. ఉద్యోగులే ఉష్ణోగ్రతలు, తేమ కొలుచుకుంటూ చేయడం నేర్చారు. చలికాలం పనిని ఏడాది పొడుగునా సాగించారు. దస్సాయ్‌కి ఇంత పేరొచ్చింది ఆ తర్వాతే కదా?

లెక్కల పిచ్చి:
పేరు సంగతి తర్వాత, ముందు అంకెలు చూడండి. 2023లో మొత్తం జపాన్ సాకే ఎగుమతులే సుమారు 4,100 కోట్ల యెన్లు. అదీ ముందు ఏడాది కన్నా తక్కువ. ఒక్క కంపెనీ 10,000 కోట్లు అమ్మాలంటే సుషీ హోటళ్లు చాలవు, వైన్ తాగేవాళ్ల బల్ల ఎక్కాలి. హైడ్ పార్క్‌లోనే అమెరికాలో పేరున్న వంటల కాలేజీ ఉంది. రేపటి షెఫ్‌లు అక్కడే తయారవుతారు. చోటు ఊరికే ఎంచుకోలేదు.

గోదారి రైతు:
అంతా అమ్మకం గురించే మాట్లాడుతున్నారు, బియ్యం ఎక్కణ్నించి వస్తుంది? దస్సాయ్ 23 అంటే గింజని 23 శాతం మిగిలేదాకా అరగదీయాలి. అదీ యమదా నిషికి రకమే కావాలి. తిండి బియ్యం ధర ఎగబాకాక జపాన్‌లో సాకే వడ్లు వేసేవాళ్లు కొందరు అటు మళ్లారు. నేనైనా అదే చేస్తాను, గిట్టుబాటు ఎటుంటే అటు. ఆర్కాన్సాస్‌లోనూ యమదా నిషికి పండిస్తున్నారు. అక్కడి బియ్యం అక్కడే వాడుకుంటే తప్పేంటి?

టోక్యో తెలుగోడు:
వాడుకోమనండి. కానీ జపాన్ బియ్యంతో జపాన్‌లో చేసినదే 'నిహోన్షు' (జపాన్ సాకే) అని 2015లోనే ఆ దేశం గట్టిగా గీత గీసింది. బ్లూకి ఆ గుర్తింపు రాదు.

మొలగొలుకులు:
గీత సరే, దాని లోపల తాగేవాళ్లేరీ? 1973లో పతాకస్థాయికి చేరిన దేశీయ సాకే అమ్మకాలు ఇప్పుడు అందులో నాలుగో వంతైనా లేవు. బయటికి పోకుండా ఇవకునిలోనే కూర్చుంటే ఏం మిగులుతుంది?

టోక్యో తెలుగోడు:
బయటికి పోవద్దని ఎవరన్నారు? ఇవకునిలో నింపిన సీసాలు ప్యారిస్ పంపినా నాకు అభ్యంతరం లేదు. న్యూయార్క్‌లో హడ్సన్ నది ఒడ్డున చేసినదానికి వేరే పేరు పెట్టుకోమంటున్నా, అంతే.