హాజీ అలీ దర్గాకు అమ్మను ఏ వేళప్పుడు తీసుకెళ్లాలి?

ప్రశ్న:
వచ్చే నెల మూడు రోజులు ముంబైలో ఉంటాం. అక్కడ సముద్రంలో ఉన్న సూఫీ గురువు హాజీ అలీ దర్గా చూడాలని అమ్మకు ఎన్నాళ్లుగానో కోరిక. ఆమెకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. సముద్రానికి పోటు వస్తే దర్గాకు వెళ్లే దారి మునిగిపోతుందని విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. పైగా ఆడవాళ్లను సమాధి దాకా రానివ్వరని ఎవరో అన్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పగలరా?

జవాబు:
తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ముందు ఆ రోజు పోటు వేళలు చూసుకోండి. మా అత్తగారితో వెళ్లినప్పుడు నేను ఆ పని చేయలేదు. మేం చేరేసరికి దారి మీది నుంచి అలలు పొర్లుతున్నాయి. తెల్లటి దర్గా కళ్లెదుటే ఉంది, వెళ్లడానికి దారి లేదు. ఆవిడ ఏమీ అనకుండా ఒడ్డున కూర్చుని అటే చూస్తూ ఉండిపోయారు. నాకు ఎంత బాధేసిందో! రెండు గంటల పైనే ఆగాం. నీళ్లు తీశాక నడిచాం కానీ, దారంతా జారుడు, పట్టుకోవడానికి పక్కన రెయిలింగ్ కూడా లేదు. తిరిగొచ్చేదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు నేను.

పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందుకే నిన్న వెళ్లొచ్చినవాళ్ల టైము మీకు పనికిరాదు. పున్నమికీ అమావాస్యకీ నీళ్లు ఇంకా పైకొస్తాయి. నీళ్లు పూర్తిగా తీసి, దారి కాస్త ఆరాక బయల్దేరితే అమ్మ నిదానంగా నడవొచ్చు. గురు, శుక్రవారాల్లో జనం విపరీతం, ఆ రెండు రోజులూ వద్దు.

మరో జవాబు:
ఆడవాళ్ల గురించి మీరు విన్నది పాత సంగతి. కొన్నేళ్లు సమాధి దగ్గరికి రానివ్వని మాట నిజమే. అది చెల్లదని 2016 ఆగస్టులో బాంబే హైకోర్టు తీర్పిచ్చింది, ఆ నవంబర్ నుంచి మళ్లీ వెళ్తున్నారు. తల మీద కొంగు కప్పుకుంటే చాలు. ఏ మతంవాళ్లయినా రావొచ్చు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. మేం ఉండే మూడు రోజుల్లో ఒకటి గురువారం, అది తీసేస్తాను. మీ అత్తగారు లోపలికి వెళ్లాక ఏమన్నారు?

మొదటి జవాబు ఇచ్చినవారు:
హాజీ అలీ మక్కా యాత్రలో పోతే ఆయన పేటిక సముద్రంలో తేలుతూ ఇక్కడికి చేరిందని చెప్పుకుంటారు కదా, ఆ కథ ఆవిడకు చిన్నప్పుడే తెలుసట. సమాధి ముందు చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డారు. బయటికొచ్చాక, "నీళ్లు అడ్డమొచ్చినందుకు నువ్వేం బాధపడకమ్మా, అంతసేపూ నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నా" అన్నారు.