పామ్ (పామరేనియన్) కుక్కపిల్లకి సిట్, నమస్తే నేర్పాలి: బిస్కెట్ బదులు ఏం పెట్టొచ్చు?

బొచ్చుబంతి:
నాలుగు నెలలు నిండిన పామరేనియన్, బరువు 2 కిలోలు. మూడు పూటలా పప్పీ డ్రైఫుడ్. సిట్ నేర్పుదామని మారీ బిస్కెట్ చూపిస్తే, కూర్చోవడం అటుంచి వెనక కాళ్ల మీద లేచి గెంతుతోంది. చేతిలో బిస్కెట్ లేకపోతే అసలు పట్టించుకోదు. ఉడికించిన చికెన్ లివర్ పెడితే మోషన్స్ పలచబడ్డాయి. ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి? షేక్‌హ్యాండ్, నమస్తే కూడా నేర్పాలని ఉంది.

తోకమడత:
ముందు లెక్క చూడండి. ఈ వయసులో 2 కిలోల పిల్లకి రోజుకి సుమారు 235 కేలరీలు కావాలి. ట్రీట్లు అందులో పదో వంతు దాటకూడదు, అంటే 23. మారీ బిస్కెట్ ఒక్కటి తింటే ఆ కోటా దాదాపు అయిపోయినట్టే. అదే ఉడికించిన చికెన్ బ్రెస్ట్ అయితే 12 గ్రాములకి 20 కేలరీలే. శనగ గింజంత ముక్కలు చేస్తే యాభై దాకా వస్తాయి, యాభై సార్లు శభాష్ అనొచ్చు. ముక్క ఎంత పెద్దదన్నది కుక్కకి పట్టదు, ఎన్నిసార్లు వచ్చిందన్నదే లెక్క.

ఉప్పు, మసాలా లేకుండా ఉత్త నీళ్లలో ఉడికించి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు కోయండి. వేడి మీద కోస్తే పీచులు రాలతాయి, ఇక పిల్లకి నేల వాసన చూసుకుంటూ తిరగడంతోనే సరిపోతుంది. కూరలో ముక్క కడిగి పెట్టడం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, కడిగితే పోయేవీ కావు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ రుచికి కూడా చూపించొద్దు. మాంసం వండని ఇల్లయితే ఉడికించిన చిలగడదుంప, క్యారెట్ పనికొస్తాయి. పనీర్‌లో కొవ్వెక్కువ, కష్టమైన ట్రిక్‌కి దాచుకోండి.

లివర్ చెడ్డదేం కాదు, కొత్త కడుపుకి బరువు. మోషన్స్ గట్టిపడేదాకా కొత్తవేవీ వద్దు. పిల్ల డల్‌గా ఉన్నా, తిండి మానేసినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. ఇంత చిన్న జాతి పిల్లల్లో షుగర్ గబుక్కున పడిపోతుంది. ట్రైనింగ్ పేరు చెప్పి ఆకలితో ఉంచొద్దనేది కూడా అందుకే.

కుక్కపిల్లలబడి:
గెంతడం మొండితనం కాదండి, మీ చెయ్యి ఎత్తులో ఉంది. నేల మీద చాప వేసి, మీరూ కిందే కూర్చోండి. ఉత్త టైల్స్ మీద వెనక కాళ్లు జారితే కూర్చోడానికే జంకుతుంది. చికెన్ ముక్కని దాని ముక్కుకి ఆనీ ఆననట్టు పట్టుకుని, అంగుళం మించి లేపకుండా, రెండు చెవుల మధ్యగా తోక వైపు నెమ్మదిగా జరపండి. తల పైకెత్తితే నడుము దానంతటదే దిగుతుంది. వెనకభాగం చాపకి తగిలిన క్షణమే "యస్" అని ముక్క ఇవ్వండి. రెండు సెకన్లు ఆలస్యమైతే అది అప్పటికే లేచి నిలబడుతుంది, మీరు ఇచ్చింది లేచినందుకు కూలీ అవుతుంది. కూర్చోకుండా వెనక్కి నడుస్తుంటే గోడ మూలలో మొదలుపెట్టండి.

ముక్కతో నాలుగైదు సార్లు చాలు. ఆరోసారి అదే కదలిక ఖాళీ చేత్తో చేసి, కూర్చున్నాక రెండో చేత్తో గిన్నెలోంచి తీసివ్వండి. బిస్కెట్ కనపడితేనే చేసే అలవాటు పోయేది ఇక్కడే. "సిట్" అనే మాట ఇంకా వద్దు. ఖాళీ చేతికి ఐదింట నాలుగుసార్లు కూర్చున్నాక, మాట అని, ఒక్క సెకను ఆగి, అప్పుడు చెయ్యి కదపండి. రెండూ కలిపేస్తే అది చెయ్యే చూస్తుంది, మాట వినదు. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు, పది పన్నెండు ముక్కలు, అలా రోజుకి నాలుగుసార్లు.

బొచ్చుబంతి:
మరి నమస్తే? ముక్క అందుకునేటప్పుడు వేళ్లు కూడా కొరుకుతోంది.

తోకమడత:
వెనక కాళ్ల మీద నిలబెట్టే నమస్తే ఇప్పుడే వద్దు. పామ్, చివావా, యార్కీ లాంటి చిన్న జాతి కుక్కల్లో మోకాటి చిప్ప పక్కకి జారే సమస్య ఎక్కువ. ఏడాది నిండి, డాక్టర్ మోకాళ్లు చూసి సరేనన్నాకే. నడుస్తూ నడుస్తూ వెనక కాలొకటి ఎత్తేసి, నాలుగడుగులకి మళ్లీ మామూలైపోతుంటే అంతకంటే ముందే చూపించండి.

షేక్‌హ్యాండ్ మొదలుపెట్టొచ్చు. కూర్చున్నాక, ముక్క ఉన్న పిడికిలి దాని ఛాతీ కంటే కాస్త కింద పెట్టండి. నాకుతుంది, ముక్కుతో తోస్తుంది, కదలకండి. ముందు కాలు ఇంచు లేచినా "యస్". తర్వాత పిడికిలిని గోకితేనే, ఆ తర్వాత ఖాళీ అరచేతిలో పెడితేనే. చాలామంది కాలు పట్టి లాగి చేతిలో పెట్టుకుంటారు, తర్వాత గోళ్లు కత్తిరించనివ్వట్లేదని వాపోతారు.

కుక్కపిల్లలబడి:
కొరకడానికి: ముక్కని అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కిపట్టండి. పళ్లు తగిలినంతసేపూ వేలు తియ్యొద్దు, నాకగానే తియ్యండి. చెయ్యి పైకి లాక్కున్నారో, మళ్లీ గెంతుడు మొదలు. చికెన్ చూస్తేనే వెర్రెత్తుతుంటే ఆ పూట గిన్నెలోంచి తీసిన డ్రైఫుడ్ గింజలతోనే కానివ్వండి.