అప్‌డేట్: హెచ్‌ఓ లేఅవుట్‌లో ఇంజన్ నీరసం వదిలింది

కొత్తగా చూసేవాళ్ల కోసం: విజయవాడలో డాబా మీది గదిలో 12 అడుగుల డీసీ కరెంటు మోడల్ రైలు లేఅవుట్, హెచ్‌ఓ స్కేలులో (అసలు సైజులో 87వ వంతు) కృష్ణా కెనాల్ జంక్షన్ నమూనా. గుంటూరు లైన్ చివరికొచ్చేసరికి ఇంజన్ మందగించేది, ఎండాకాలంలో పట్టా వంకర తిరిగేది. ఈ రెండిటికీ కారణమేంటని ఇంతకుముందు ఇక్కడ అడిగాను.

ఇక్కడి అన్నలు చెప్పినట్టు పట్టాల మీద వోల్టేజి మీటర్ పెట్టాను. ఇంజన్ లాగుతుండగా కంట్రోలర్ దగ్గర 12 వోల్టులు, చివర 9.4. బండి లేకుండా కొలిస్తే రెండుచోట్లా 12 చూపించి మోసం చేస్తుంది, లోడ్ మీదే చూడాలి. కరెంటంతా వదులైన జాయినర్ల (పట్టా ముక్కల్ని కలిపే లోహపు క్లిప్పుల) గుండా పోవడమే కారణం. బల్ల కింద 1.5 చదరపు మి.మీ. రాగి వైర్లు రెండు బస్‌గా (లేఅవుట్ పొడవునా మెయిన్ లైన్‌గా) లాగి, ప్రతి 3 అడుగుల ముక్కకీ దాన్నుంచి విడిగా ఫీడర్లు (చిన్న వైర్లు) ఇచ్చాను. ఇప్పుడు చివర 11.8.

ఫీడర్లని పట్టాకి సోల్డరింగ్ చేసేటప్పుడు పట్టా పక్కభాగం గీకి, ఫ్లక్స్ (టంకం అంటుకోడానికి రాసే పేస్టు) రాసి, రెండు మూడు సెకన్లలో ముగించాలి. అతుక్కి రెండువైపులా తడి దూది పెట్టకపోతే ప్లాస్టిక్ స్లీపర్లు కరిగి గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) తప్పుతుంది.

వంకరకి పట్టాని తిట్టి లాభం లేదు. 3 అడుగుల నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడికి పెరిగేది 0.3 మి.మీ.యే. అసలు దొంగ కింది బల్ల చెక్క: వానల్లో తేమకి ఉబ్బి, మే నెలలో ఎండి కుంచించుకుంటుంది. ప్లైవుడ్ అడుగుకీ అంచులకీ పెయింట్ వేసి, జాయింట్ల దగ్గర అర మి.మీ. సందు వదిలాను. ఫీడర్లున్నాయి కాబట్టి జాయినర్లకి టంకం అక్కర్లేదు.

హెచ్‌ఓ వాళ్ల 16.5 మి.మీ. గేజ్ ట్రాక్ మీద మన బ్రాడ్‌గేజ్ సన్నగానే కనిపిస్తుంది; అసలు గేజ్ 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి. దాంతో సర్దుకుపోవాల్సిందే. పాయింట్ల (బండి దారి మార్చే చోట్ల) ఫ్రాగ్‌కి, అంటే పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్కకి, వైరింగ్ ఇంకా మిగిలుంది.