ఎమ్‌స్కోట్ జెలటిన్ నెల్సన్ల వంశవృక్షం: 1841 కంటే వెనక్కి ఎలా వెళ్లాలి?

ప్రశ్న – వేరుమూలం

ఇంగ్లండ్‌లో వారిక్ పట్టణం పక్కన, కాలువ ఒడ్డున ఎమ్‌స్కోట్ మిల్స్‌లో జెలటిన్ (తోళ్ల నుంచి తీసే, జెల్లీని గడ్డకట్టించే పదార్థం) తయారుచేసిన నెల్సన్ కుటుంబం గురించి అడుగుతున్నాను. 1839లో జెలటిన్ తయారీకి పేటెంట్ తీసుకున్న జార్జ్ నెల్సన్‌ది ఈ కుటుంబమే. తర్వాత కంపెనీ పేరు జార్జ్ నెల్సన్, డేల్ అండ్ కో అయింది. మూడు చోట్ల చిక్కు పడుతోంది. మాంసం వ్యాపారంలో ఇద్దరు విలియం నెల్సన్లు కనిపిస్తున్నారు, ఈ కుటుంబం వాడు ఎవరు? డేల్ అంటే అల్లుడా, భాగస్వామా? 1841 జనాభా లెక్కల కంటే వెనక్కి వెళ్లే దారేది?

జవాబు – పాతకట్ట

మొదట ఇద్దరు విలియంలను విడదీయండి. ఆన్‌లైన్‌లో దొరికే వంశవృక్షాల్లో చాలా ఇక్కడే కలగాపులగం అయిపోతాయి.

మీ విలియం నెల్సన్ 1843లో పుట్టి, 1863లో న్యూజిలాండ్ వెళ్లి, హాక్స్ బేలోని హేస్టింగ్స్ దగ్గర టొమోవానాలో మాంసం గడ్డకట్టించే ఫ్యాక్టరీ పెట్టాడు. 1932లో పోయాడు. లండన్‌లో నెల్సన్ బ్రదర్స్ వ్యవహారం చూసిన సర్ ఎడ్వర్డ్ మాంటేగ్ నెల్సన్ ఇతని అన్న. రెండో విలియం లివర్‌పూల్‌లో పశువుల వ్యాపారం చేసిన జేమ్స్ నెల్సన్ అండ్ సన్స్ వాడు. వాళ్లది అర్జెంటీనా మాంసం, నెల్సన్ లైన్ ఓడలు. ఇతను 1851లో పుట్టాడు, తర్వాత బారోనెట్ (వంశపారంపర్యంగా వచ్చే బిరుదు) అయ్యాడు. ఇంటిపేరు ఒకటే, సరుకు ఒకటే, కాలమూ ఒకటే, కుటుంబాలు మాత్రం వేరు.

ఒక కాగితంలో "మాంసం దిగుమతిదారు విలియం నెల్సన్" అని మాత్రమే ఉంటే ఓడరేవు చూడండి. లివర్‌పూల్, బ్యూనస్ ఎయిరెస్ అయితే పక్కన పెట్టేయొచ్చు. హాక్స్ బే, నేపియర్, లండన్ అయితే మీవాడయ్యే అవకాశం ఎక్కువ. అదే వారిక్‌షైర్ జిల్లాలో (అక్కడ కౌంటీ అంటారు) స్టాక్టన్ దగ్గర చార్ల్స్ నెల్సన్ అండ్ కో పేరుతో సున్నం, సిమెంటు వ్యాపారం కూడా నడిచింది. జిల్లా ఒకటే కదా అని చెట్టుకు తగిలించకండి, బాప్తిస్మం రిజిస్టరో వీలునామాయో చేతికి వచ్చేదాకా ఆగండి.

జవాబు – రిజిస్టర్లగది

వెనక్కి వెళ్లే పని 1841 నుంచి మొదలుపెట్టకండి, 1851 నుంచి మొదలుపెట్టండి. 1841 జూన్ 6 నాటి లెక్కల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు. పుట్టిన ఊరు కూడా లేదు, అదే కౌంటీలో పుట్టారా లేదా అన్నదే ఉంటుంది. 15 దాటిన వాళ్ల వయసును 5 గుణిజానికి కిందికి దించి రాశారు. అంటే 35 అని ఉంటే 35 నుంచి 39 మధ్య ఏదైనా కావచ్చు, పుట్టింది 1801 జూన్‌కూ 1806 జూన్‌కూ మధ్య. కొందరు గణకులు ఈ నియమం పాటించలేదు కూడా. 1851 మార్చి 30 నాటి లెక్కల్లో బంధుత్వం, పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) రెండూ ఉంటాయి. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ కాగితాలకు వరుస సంకేతాలున్నాయి: హెచ్‌ఓ 107 వరుసలో 1841, 1851 రెండూ కలిసే ఉన్నాయి, 1861కి ఆర్‌జీ 9, ఆ తర్వాత పదేళ్లకొక అంకె పెరుగుతుంది.

పిల్లల జాబితా తేల్చడానికి జనరల్ రిజిస్టర్ ఆఫీసు (జనన మరణాలు నమోదుచేసే ప్రభుత్వ కార్యాలయం) సొంత ఇండెక్స్ వాడండి. అందులో 1837 జూలై నుంచీ తల్లి పుట్టింటి పేరు ఉంది. వేరే సైట్లలోని పాత ఇండెక్స్‌లో ఆ పేరు 1911 సెప్టెంబర్ త్రైమాసికం నుంచే కనిపిస్తుంది. ఇంటిపేరు నెల్సన్, రిజిస్ట్రేషన్ జిల్లా వారిక్ (లెమింగ్టన్ కూడా అందులోదే), తల్లి పుట్టింటి పేరు, ఈ మూడూ పెట్టి సంవత్సరం సంవత్సరం తీయండి. పిల్లల మధ్య మూడేళ్లకు మించి ఖాళీ ఉంటే మరణాల ఇండెక్స్ చూడండి. ఒక్క జాగ్రత్త: నెలల వయసును ఏళ్లుగా ఎక్కించిన తప్పులు అక్కడ తరచూ కనిపిస్తాయి. 6 నెలల బిడ్డ 6 ఏళ్ల బిడ్డగా తగులుతుంది. 1875కు ముందు రిజిస్టరు కాని పుట్టుకలూ ఉన్నాయి, కాబట్టి ఇండెక్స్‌లో లేడంటే పుట్టలేదని కాదు.

1837 జూలై నుంచి పెళ్లి రిజిస్టరులో ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. 1813 నుంచి బాప్తిస్మం రిజిస్టరులో తండ్రి వృత్తి, నివాసం రాయడం తప్పనిసరి. ఎమ్‌స్కోట్ మొదట్లో వారిక్ సెయింట్ నికొలస్ పారిష్‌లో ఉండేది, ఆల్ సెయింట్స్ చర్చి తర్వాత వచ్చింది. ఒక్క చర్చి రిజిస్టరు చూసి ఆపకండి. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కాని కుటుంబమైతే ఆర్‌జీ 4 వరుసలోని రిజిస్టర్లు చూడండి.

వీలునామాలకు 1858 జనవరి 12 సరిహద్దు. ఆ తర్వాతివి జాతీయ ప్రొబేట్ క్యాలెండర్‌లో (కోర్టు ఆమోదించిన వీలునామాల జాబితాలో) అక్షరక్రమంలో దొరుకుతాయి. ముందువైతే చర్చి కోర్టుల్లో వెతకాలి: వారిక్ పట్టణం వూస్టర్ డయోసీస్ (బిషప్ పరిధి) కిందిది, అదే కౌంటీలో కోవెంట్రీ వైపు లిచ్‌ఫీల్డ్. ఆస్తి రెండు డయోసీస్‌లలో ఉన్నవాళ్లది కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ కోర్టుకు వెళ్తుంది, ప్రాబ్ 11 వరుస. అవి నకళ్లు, సంతకం పోల్చడానికి పనికిరావు. వాటికంటే నాకు ఐఆర్ 26 మరణ సుంకం రిజిస్టర్లే ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. ఎవరికి ఎంత వచ్చిందో, చనిపోయినవాడికి వాళ్లు ఏమవుతారో అందులో రాస్తారు.

జవాబు – జిగురుడబ్బా

డేల్ సంగతి లండన్ గెజెట్‌లో (ప్రభుత్వ ప్రకటనల పత్రికలో) వెతకండి. భాగస్వామి తప్పుకున్నప్పుడు రద్దు నోటీసు అందులో వేసేవాళ్లు. ఎవరెవరు, ఏ వ్యాపారం, ఏ తేదీతో ఆగింది, అప్పులు ఎవరు తీరుస్తారు అన్నీ ఉంటాయి. అల్లుడనే అనుమానం తీరాలంటే నెల్సన్ ఆడపిల్లల పెళ్లి సర్టిఫికెట్లే చూడాలి. లిమిటెడ్ కంపెనీ అయ్యాక వాటాదారుల జాబితా ఉంటుంది. మూతపడ్డ కంపెనీల ఫైళ్లు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 31 కింద కొంతమేర మిగిలాయి. పేటెంట్‌ను నంబరుతో కాకుండా తేదీతో, పేరుతో వెతకండి. 1852కు ముందు పేటెంట్లకు నంబర్లు తర్వాత ఇచ్చినవే.

వృత్తి పేర్ల దగ్గర చాలామంది జారిపోతారు. ఒకే మనిషి ఒక లెక్కల్లో జెలటిన్ తయారీదారు, ఇంకోదాంట్లో ఐసిన్‌గ్లాస్ తయారీదారు, అంతకుముందు జిగురు కాచేవాడు, తోళ్ల వ్యాపారి. ఐసిన్‌గ్లాస్ అంటే అసలు చేపల గాలితిత్తి నుంచి తీసేది, కానీ విక్టోరియా కాలంలో జెలటిన్‌నే "పేటెంట్ ఐసిన్‌గ్లాస్" అని అమ్మారు. ఎసెక్స్‌లోని స్విన్‌బోర్న్ వాళ్లు అలాగే చేశారు. ట్రేడ్ డైరెక్టరీల్లో నాలుగు శీర్షికలూ తిప్పండి.

పనివాళ్లను వెతికేవాళ్లకు పని వరుస తెలిసి ఉంటే మేలు. తోలు ముక్కలను గాట్లు పెట్టి క్షారంలో రోజుల తరబడి నానబెడతారు, కడుగుతారు, గంధకం పొగతో తెల్లబరుస్తారు, సన్నని వేడి మీద కరిగించి వడకడతారు, పలకల మీద గడ్డకట్టించి వలల మీద ఆరబెడతారు. పాత జెలటిన్ రేకును వెలుతురుకెత్తి పడితే ఆ వల గళ్లు అచ్చుపడి కనిపిస్తాయి. చివర్లో కోయడం, ప్యాకింగ్. వీటిలో ఏ మెట్టు పేరైనా వృత్తి గడిలో ఉండొచ్చు.

ఇంకో ఉచ్చు: 1891 తర్వాత "జెలటిన్" అని ఉన్నంత మాత్రాన జెల్లీ కాదు. నోబెల్ 1875లో కనిపెట్టిన బ్లాస్టింగ్ జెలటిన్ పేలుడు పదార్థం. కార్న్‌వాల్‌లో హేల్ దగ్గర జెలటిన్ కలిపేవాడు కనిపిస్తే వాడు చేసేది అదే.

వేరుమూలం

స్విన్‌బోర్న్ పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నా. 1847లో పేటెంట్ తీసుకున్నాయన జార్జ్ ఫిల్‌బ్రిక్ స్విన్‌బోర్న్. మధ్యలో ఇంటిపేరులా ఉన్న పేరును తల్లివైపు పేరుగా తీసుకోవచ్చా?

రిజిస్టర్లగది

ఆధారంగా వద్దు, వెతకడానికి దారిగా తీసుకోండి. తల్లి పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, జ్ఞానపిత ఇంటిపేరు, మూడింటిలో ఏదైనా కావచ్చు. ఆ పేరుతో తండ్రి తరం పెళ్లిళ్లు వెతకండి, 1754 తర్వాతి రిజిస్టరైతే సాక్షుల సంతకాలూ చదవండి.

పాతకట్ట

20వ శతాబ్దం వైపు వస్తే 1921 జూన్ 19 నాటి లెక్కలు వదలకండి. అందులో పని ఇచ్చిన కంపెనీ పేరు, పనిచేసే చోటు రాశారు. ఎమ్‌స్కోట్ మిల్స్‌లో పనిచేసినవాళ్లు అక్కడ నేరుగా తేలుతారు. 1931వి 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో లెక్కలే తీయలేదు. ఆ ఖాళీని నింపేది 1939 సెప్టెంబర్ 29న దేశమంతా తీసిన జనాభా రిజిస్టరు ఒక్కటే. పుట్టిన తేదీ పూర్తిగా ఉంటుంది కానీ బంధుత్వం ఉండదు.